జీతం ఆమెది - నిర్ణయం ఎవరిది?

ఆదివారం పత్రికలలో వచ్చే వివాహ ప్రకటనలను ఓపికగా చదివేవారికి ప్రభుత్వ నివేదికలు చెప్పని సంగతులు కొన్ని తెలుస్తాయి. ఉద్యోగం చేస్తున్న వధువుకు ప్రాధాన్యమిస్తామనే ప్రకటనలు ఆ పేజీలలో ఇప్పుడు సర్వసాధారణం. వాటి పక్కనే, వధువు ఉద్యోగం చేయడానికి తమకు 'అభ్యంతరం లేదు' అని తెలియజేసే కుటుంబాలూ ఉంటాయి. ఆ రెండు మాటల దగ్గర కాస్త ఆగవలసి ఉన్నది. వరుడు ఉద్యోగం చేయడానికి వధువు తల్లిదండ్రులకు అభ్యంతరం లేదని ఏ ప్రకటనా చెప్పదు. ఆక్షేపించే హక్కు ఉన్నవారే అభ్యంతరం లేదని అనగలరు. ఉదారంగా వినిపించే ఈ మాటలోనే నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉన్నదో తెలిసిపోతుంది.

పెళ్లి తర్వాత ఉద్యోగం చేయడమా, మానడమా అన్నది ఇంటి విషయమనీ, నాలుగు గోడల మధ్య తేలవలసినదనీ మన సమాజం భావిస్తుంది. కానీ ఇది ఇంటితో ఆగే విషయం కాదు. ప్రపంచ బ్యాంకు 2024 అక్టోబరులో దక్షిణాసియాపై వెలువరించిన నివేదికలో దీనిని లెక్క కట్టింది. వివాహానంతరం ఈ ప్రాంతపు మహిళల ఉద్యోగిత సగటున 12 శాతం పాయింట్ల మేరకు తగ్గుతున్నదని, ఇంకా పిల్లలు కలగని వారిలో సైతం ఈ తగ్గుదల కనిపిస్తున్నదని ఆ నివేదిక పేర్కొన్నది. ఉద్యోగం మానేయడానికి పిల్లల పెంపకమే కారణమని చెప్పుకునే వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. బిడ్డ పుట్టకముందే, మెడలో తాళి పడిన నాటి నుంచే ఆ మార్పు మొదలవుతున్నది.

ఈ వ్యాసం రాస్తున్నది ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ఆరేళ్లుగా క్లర్కుగా పనిచేస్తున్న అవివాహిత. హైదరాబాదులో మహిళల హాస్టలులో ఉంటూ, ఇంటికి కొంత పంపుతూ, నెలకోసారి పెళ్లి సంబంధం గురించి ఫోనులో వింటూ కాలం గడుపుతున్న వేలాది మందిలో ఒకతె. కాబట్టి ఈ విషయాన్ని పూర్తిగా బయట నిలబడి పరిశీలిస్తున్నానని చెప్పుకోలేను. అయితే నా ఒక్కదాని సంగతే అయితే పత్రికకు ఎక్కించవలసిన పని లేదు.

ముందుగా అంకెలు చూద్దాం. కేంద్రం నిర్వహించే శ్రామిక శక్తి సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండిన మహిళలలో పని చేస్తున్నవారు, పని కోసం వెతుకుతున్నవారు కలిపి 2017-18లో నూటికి 23.3 మంది. 2023-24 నాటికి ఈ సంఖ్య 41.7కు పెరిగింది. ఆరేళ్లలో ఇంతటి పెరుగుదల సామాన్యమైనది కాదు. కానీ గ్రామాలలో ఇది 47.6 కాగా పట్టణాలలో 28 మాత్రమే. పనిచేస్తున్న మహిళలలో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్వయం ఉపాధి కింద లెక్కకు వచ్చినవారు. వారిలోనూ సగానికి పైగా సొంత పొలంలోనో, కుటుంబం నడిపే దుకాణంలోనో జీతం లేకుండా సాయపడుతున్నవారు. నెల తిరిగేసరికి జీతం చేతికందే మహిళలు పనిచేసే ప్రతి నూరుగురిలో 16 మంది మాత్రమే. 'ఉద్యోగం పురుష లక్షణం' అనే సామెత పాతబడిందని అనుకుంటాం కానీ జీతపు ఉద్యోగం విషయంలో ఆ సామెతకు ఇంకా కాలం చెల్లలేదు.

ఈ 16 మందిలోకి చేరడానికి ఒక యువతి ఎంత చదవాలో, ఎన్ని పరీక్షలు రాయాలో తెలుగునాట ప్రతి ఇంటికీ తెలుసు. అంత కష్టపడి సంపాదించిన ఉద్యోగాన్ని ఒక ముహూర్తం కోసం వదులుకోవలసి రావడం ఈనాటి విశేషం కాదు. దానికి చట్టబద్ధమైన చరిత్రే ఉన్నది.

పెళ్లి చేసుకుంటే రాజీనామా

స్వతంత్ర భారతదేశంలో చాలాకాలం పాటు పెళ్లి చేసుకున్న ఉద్యోగినిని తొలగించడం యజమానుల బాహాటమైన నిబంధన. బొంబాయిలోని ఒక మందుల కంపెనీ తమ ప్యాకింగ్ విభాగంలో పనిచేసే అవివాహితలు పెళ్లి చేసుకున్న వెంటనే ఉద్యోగం పోతుందని షరతు పెట్టింది. వివాహితలు తరచూ పనికి రారని కంపెనీ వాదన. కార్మిక సంఘం పోరాడగా, 1965లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. పనికి రాకపోవడమే కారణమైతే పిల్లలున్న వితంతువులకు లేని అడ్డు వివాహితలకు మాత్రం ఎందుకన్నది కోర్టు వేసిన సూటి ప్రశ్న.

ప్రైవేటు కంపెనీల సంగతి అలా ఉంచితే, ప్రభుత్వం చేసినది అంతకంటే తక్కువేమీ కాదు. కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీపత్రం రాసి ఇస్తేనే ఆమెను 1949లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. 1961 నాటి సర్వీసు నిబంధనలలో సైతం మహిళా అధికారి వివాహానికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలనీ, కుటుంబ బాధ్యతలు విధులకు ఆటంకమని ప్రభుత్వం భావిస్తే రాజీనామా కోరవచ్చుననీ ఉన్నది. పదోన్నతి విషయంలో అన్యాయం జరిగిందంటూ ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు విచారణలో ఉండగానే ప్రభుత్వం ఆమెకు పదోన్నతి ఇచ్చింది. 1979లో తీర్పు చెబుతూ జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తీవ్రంగా ఎండగట్టారు. కుటుంబ బాధ్యతలు స్త్రీ విధులకు ఆటంకమైతే పురుషుని విధులకు మాత్రం ఎందుకు కావన్నదే ఆయన తర్కం. అప్పటికే రాయబారిగా పనిచేసిన ముత్తమ్మ చివరి వరకు అవివాహితగానే ఉన్నారు. 2009లో మరణించారు. ఆమె అలా ఉండడం ఇష్టపడి చేసిన నిర్ణయమా, నిబంధన చేయించిన నిర్ణయమా అని విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ వ్యాసంలోని ముఖ్యమైన ప్రశ్న కూడా అదే.

రెండేళ్ల తర్వాత, 1981లో, ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో అదే న్యాయస్థానం మరో మాట చెప్పింది. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోవాలన్నది అప్పటి నిబంధన. గర్భం దాల్చితే తొలగించడం దారుణమని ఆ నిబంధనను కోర్టు రద్దు చేసింది. కానీ నాలుగేళ్ల పెళ్లి నిషేధాన్ని మాత్రం సమర్థించింది. కుటుంబ నియంత్రణకు తోడ్పడుతుందనీ, కొంత వయసు వచ్చాక చేసుకునే పెళ్లి నిలబడే అవకాశం ఎక్కువనీ అందుకు కారణాలు చెప్పింది. ఒక యువతి పెళ్లి ఎప్పుడైతే సఫలమవుతుందో తండ్రి, మేనమామ, పురోహితుడు చెప్పడం మనకు అలవాటే. ఈసారి ఆ వరుసలోకి దేశంలోకెల్లా పెద్ద కోర్టు కూడా వచ్చి చేరింది.

ఇవన్నీ గడిచిపోయిన కాలపు ముచ్చట్లని కొట్టివేయడానికి వీలులేదు. సైనిక నర్సింగ్ సర్వీసులోని ఒక అధికారిణిని వివాహం చేసుకున్నదన్న కారణంగా 1988లో తొలగించారు. ఆ నిబంధనను 1995లో ఉపసంహరించారు. ఆమెకు మాత్రం న్యాయం 2024 ఫిబ్రవరిలో జరిగింది. ఆ తొలగింపు రాజ్యాంగ విరుద్ధమంటూ సుప్రీంకోర్టు 60 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి 36 ఏళ్లు గడిచాయి. అంటే ఒక ఉద్యోగ జీవితం మొత్తం.

అదే 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఉన్న ఫాక్స్‌కాన్ కర్మాగారం గురించి ఒక కథనం ప్రచురించింది. ఐఫోన్లు కూర్చే పనులకు వివాహితలను తీసుకోవడం లేదన్నది దాని సారాంశం. వైవాహిక స్థితిని బట్టి వివక్ష చూపుతున్నామన్న ఆరోపణను సంస్థ తోసిపుచ్చింది. కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక కోరింది. బొంబాయి మందుల కంపెనీ కేసుకూ దీనికీ మధ్య దాదాపు 60 ఏళ్ల దూరం. ప్యాకింగ్ బల్ల మీది సరుకు మాత్రం మారింది.

కాపురం ఎక్కడ?

ఉద్యోగం ఊడిపోకుండా నిలబడిన తర్వాత ఎదురయ్యే చిక్కు ఊరిది. భర్త ఒక ఊరిలో, భార్య మరొక ఊరిలో ఉద్యోగం చేస్తుంటే కాపురం ఎక్కడ పెట్టాలి? మన ఇళ్లలో ఇది అడగవలసిన ప్రశ్నగానే పరిగణించరు. కోర్టులలో మాత్రం దీనిమీద వాదోపవాదాలు జరిగాయి.

హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ కింద, సరైన కారణం లేకుండా తనను విడిచి వెళ్లిన జీవిత భాగస్వామిని కాపురానికి రప్పించవలసిందిగా భార్యాభర్తలలో ఎవరైనా కోర్టును కోరవచ్చు. దీనిని దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. భార్య వేరే ఊరిలో ఉద్యోగం చేయడం 'విడిచి వెళ్లడం' కిందికి వస్తుందా అన్నది వివాదం. 1960 దశకంలో పంజాబ్ హైకోర్టు అలాంటి ఒక కేసులో భర్త పక్షం వహించింది. ఉద్యోగం పేరిట భర్త ఇంటికి దూరంగా ఉండే హక్కు భార్యకు లేదన్నది ఆ తీర్పు ధోరణి. 1978లో ఢిల్లీ హైకోర్టు దీనికి భిన్నమైన మార్గం తొక్కింది. భార్య పంజాబ్‌లోని సునాంలో ఉపాధ్యాయిని. భర్త ఉద్యోగం ఢిల్లీలో. పెళ్లికి ముందు కాపురం ఎక్కడన్నదానిపై వారి మధ్య ఒప్పందమేమీ లేదు. భర్త కంటే మెరుగైన ఉద్యోగంలో ఉన్న భార్యే రాజీనామా చేసి రావాలని ఏ చట్టమూ శాసించడం లేదని, కాపురం ఎక్కడన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవలసినదేనని హైకోర్టు తేల్చింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే తీర్పు ఇది. పెళ్లి మాటలు జరిగే గదులలోకి మాత్రం అది ఇంకా ప్రవేశించలేదు.

తెలుగువారికి సంబంధించిన ఘట్టం 1983 నాటిది. తెలుగు, తమిళ చిత్రాలలో పేరు తెచ్చుకున్న నటి సరితను కాపురానికి పంపాలని కోరుతూ భర్త దావా వేశారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఏకంగా 9వ సెక్షన్ చెల్లదని ప్రకటించారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో కాపురానికి రప్పించడం ఆమె శరీరం మీద ఆమెకుగల హక్కును, ఏకాంత జీవన హక్కును హరించడమేనని ఆయన అభిప్రాయపడ్డారు. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు వేరొక కేసులో ఈ అభిప్రాయంతో విభేదించి సెక్షన్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. హైదరాబాదులో వెలువడిన ఆ తీర్పు ఏడాది మాత్రమే బతికింది. అయినా మన రాష్ట్రపు న్యాయస్థానం దేశం కంటే ముందుగా ఆలోచించిన సందర్భాలలో దానిని చెప్పుకోవచ్చు.

కౌంటరు ఇవతలి నుంచి

బ్యాంకు కౌంటరు దగ్గర కూర్చున్నవారికి కుటుంబాల లోపలి సంగతులు అడగకుండానే తెలుస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న మహిళలు 2015-16లో నూటికి 53 మంది. 2019-21 నాటికి వారు 79 మందికి పెరిగారు. సంతోషించవలసిన మార్పే. అదే సర్వేలో, డబ్బు సంపాదించే వివాహితలలో 85 శాతం మంది తమ సంపాదనను ఎలా ఖర్చుపెట్టాలో తామే గానీ, భర్తతో కలిసి గానీ నిర్ణయిస్తామని చెప్పారు. ఇక్కడ 'కలిసి' అన్న మాటకు అర్థం ఏమిటో మా కౌంటరు దగ్గరికి వచ్చి చూడాలి. పాస్‌బుక్ భర్త జేబులో ఉంటుంది. విత్‌డ్రాయల్ ఫారం ఆయనే నింపుతారు. సంతకం ఆమె చేస్తుంది. "ఎంత తీయమంటారమ్మా?" అని నేను ఆమెను అడుగుతాను. ఆమె ఆయన ముఖం వైపు చూస్తుంది. సర్వే చేసేవారికి ఇది కలిసి నిర్ణయించుకున్నట్టే లెక్క. అబద్ధమని కూడా అనలేం.

దీనికి పూర్తిగా భిన్నమైనవారూ వస్తారు. పూలు అమ్ముకునే ఒకామె తన ఖాతాకు జోడించిన ఫోను నంబరు మార్చమని కోరింది. డబ్బు వేసినప్పుడల్లా సందేశం ఇంట్లోవాళ్ల ఫోనుకు వెళ్తున్నదట. కూతురి కాలేజీ ఫీజు కోసం దాచుకుంటున్న సొమ్ము ఆనవాలు కనిపిస్తే మిగలదని ఆమె భయం. కావలసిన కాగితాలు తెప్పించి నంబరు మార్చాం. ఆర్థిక స్వావలంబన అనే పెద్ద మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ ఫోను నంబరే గుర్తుకు వస్తుంది.

ఇక జీతాల సంగతి. హాస్టలులో మా గదిలో నలుగురం ఉంటాం. నలుగురి జీతాలూ ఖాతాలో పడిన మూడో రోజుకే వేరే ఊళ్లకు ప్రయాణం కడతాయి. ఒకరిది చదువు కోసం తీసుకున్న అప్పు, ఒకరిది తమ్ముడి ఫీజు, ఒకరిది చీటీ, నాది ఇంటి మరమ్మతు. ఇందులో బలవంతం ఉన్నదని అనలేను. పొలం తాకట్టు పెట్టి కూతురిని చదివించిన తండ్రికి సాయపడడం ఏ కూతురికైనా తృప్తినిస్తుంది. కానీ ఆ సాయం ఒక అలవాటుగా, ఆ అలవాటు ఒక లెక్కగా మారే క్షణం ఒకటి ఉంటుంది. మా గదిలో ఒకరికి 31 ఏళ్లు వచ్చాయి. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా జాతకాలు కుదరడం లేదని ఇంట్లో చెబుతారు. తమ్ముడి చదువు పూర్తయ్యే దాకా ఆ జాతకాలు కుదరవని మా గదిలో అందరికీ తెలుసు. అత్తవారి ఇంట్లో ఉద్యోగం మాన్పించడమే అన్యాయమని మనం తరచూ రాస్తాం. పుట్టింట్లో ఉద్యోగం కోసం పెళ్లిని ఆపడం గురించి ఎవరూ రాయరు. రెండింటిలోనూ నిర్ణయం ఆమెది కాదు. తేడా అంతా జీతం ఏ ఇంటికి చేరుతుందన్న దానిలోనే.

పనివేళలు ముగిసిన తర్వాతి లెక్క కూడా ఉన్నది. 2024లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే మహిళ రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుండగా, ఇంటిపనిలో పాలుపంచుకునే పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. 2019లో ఇవి 299, 97 నిమిషాలు. ఐదేళ్లలో స్త్రీకి పది నిమిషాలు తగ్గాయి. పురుషునికీ తొమ్మిది తగ్గాయి. ఆ తగ్గుదల మిక్సీ వల్లనో, గ్యాసు వల్లనో వచ్చి ఉంటుంది గానీ పని పంచుకోవడం వల్ల కాదని అంకెలే చెబుతున్నాయి.

ఇటీవల చూడవచ్చిన ఒక సంబంధం వారు ఎంతో మర్యాదస్తులు. కట్నం ప్రస్తావన తేలేదు. వరుడి తల్లి, "ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా అమ్మా?" అని అడిగారు. చేతికి ఎంత వస్తుందని తండ్రి మెల్లగా ఆరా తీశారు. వరుడు చదువుకున్నవాడు, మృదు స్వభావి. "మీ ఇష్టమండీ, చేస్తానంటే చేయండి, మానేస్తానంటే మానేయండి" అన్నారు. ఆ మాటలో కల్మషం లేదు. నా ఇష్టానికి విలువ ఇస్తున్నాననే ఆయన నమ్మకం. కానీ ఉద్యోగం చేస్తే ఆ 289 నిమిషాలు నావే. మానేస్తే జీతం పోవడం నాకే. రెండింటి మూల్యమూ ఒకే మనిషి చెల్లించవలసి వచ్చినప్పుడు దానిని ఇష్టమని పిలవడం ఎంతవరకు సబబు? మీరు మానేయడం గురించి ఎప్పుడైనా ఆలోచించారా అని నేను ఆయనను అడగలేదు. పెళ్లిచూపులలో అలాంటి ప్రశ్నకు చోటు లేదు.

ఢాకా, కటునాయక

ఇష్టం, నిర్బంధం ఇంతగా పెనవేసుకుపోవడం మన దేశానికే పరిమితమైన విషయం కాదు. సరిహద్దుకు ఆవల బంగ్లాదేశ్‌లో దీనిని అందరికంటే శ్రద్ధగా పరిశీలించినవారు ఆర్థికవేత్త నైలా కబీర్. అక్కడ దుస్తుల పరిశ్రమకు పునాది 1979లో పడింది. దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ దక్షిణ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం కుదుర్చుకుని 130 మందిని శిక్షణకు పంపింది. అక్కడి నుంచి కొన్నేళ్లలోనే ఢాకా నగరం కుట్టుమిషన్ల నగరంగా మారిపోయింది. పరదా పాటించే సమాజంలోని పల్లె యువతులు వేలు, లక్షలుగా ఫ్యాక్టరీలకు నడిచి వెళ్లారు. అదే కాలంలో లండన్‌లో స్థిరపడిన బంగ్లాదేశీ మహిళలు మాత్రం ఇల్లు కదలకుండా ముక్కకింత చొప్పున కుట్టుపని చేసేవారు. స్వేచ్ఛ ఎక్కువని చెప్పుకునే నగరంలో గడప దాటనివారు, కట్టుబాట్ల నగరంలో ఫ్యాక్టరీకి వెళ్లడం ఎందువల్ల? 2000లో వెలువడిన తన గ్రంథంలో ఆమె ఈ వైపరీత్యాన్నే విశ్లేషించారు. ఢాకాకు వలస వచ్చిన యువతి చుట్టూ ఆమెను ఎరిగినవారు తక్కువ. లండన్‌లో అయినవాళ్ల కళ్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. బయట తెల్లవారి ద్వేషం వేరే. కాబట్టి స్త్రీ నిర్ణయాన్ని తీర్చిదిద్దేది మతమో, ఆచారమో ఒక్కటే కాదు. ఎవరు చూస్తున్నారు, బయట ఏ పని దొరుకుతుంది, వెళ్లే దారి ఎలా ఉన్నది అన్నవి కూడా దానిని నిర్ణయిస్తాయి.

అంతమాత్రాన ఢాకా ఫ్యాక్టరీని విముక్తి ద్వారంగా వర్ణించడం తగదు. 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది మరణించారు. ముందురోజే గోడలకు పగుళ్లు కనిపించినా కార్మికులను లోపలికి పంపారు. 2023 డిసెంబరులో పెంచిన తర్వాత అక్కడి కనీస వేతనం నెలకు 12,500 టాకాలు. అంతకు మించిన పని ఊళ్లో ఉంటే వారిలో ఎందరు ఆ మెట్లు ఎక్కేవారన్నది వేరే ప్రశ్న.

శ్రీలంకలో కొలంబో విమానాశ్రయం పక్కనే ఉన్న కటునాయకలో 1978లో స్వేచ్ఛా వాణిజ్య మండలి ఏర్పడింది. పల్లెల నుంచి వచ్చిన యువతులు ఇరుకు గదులలో అద్దెకుంటూ కుట్టుపని చేసి ఇళ్లకు డబ్బు పంపారు. దేశానికి విదేశీ మారకం తెచ్చిపెట్టారు. బదులుగా సమాజం వారి నడవడిని శంకించింది. 'గార్మెంట్ అమ్మాయిలు వద్దు' అని పత్రికలలో వివాహ ప్రకటనలు ఇచ్చినవారు ఉన్నారని అక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అభ్యంతరం లేదనేవారి కంటే వీరు నిక్కచ్చిగా ఉన్నారని ఒప్పుకోవాలి.

భర్త ఉన్న ఊరు, తండ్రి ఉన్న ఊరు

ఈ చిక్కులను తొలగించడానికి ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయమే. ఉద్యోగం చేసే మహిళల హాస్టళ్లకు కేంద్ర సహాయ పథకం 1972-73 నుంచి ఉన్నది. 2024-25 బడ్జెట్‌లో పరిశ్రమల భాగస్వామ్యంతో మరిన్ని హాస్టళ్లు కడతామని ప్రకటించారు. ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ప్రారంభమైంది. ఈ బస్సు పథకం గురించి ఎన్ని ఛలోక్తులు వినిపించినా, తక్కువ జీతంతో దుకాణాలలో, నర్సింగ్ హోములలో పనిచేసే యువతులకు అది మిగిల్చే సొమ్ము వారికే తెలుసు. పని వెతుక్కునే ప్రాంతం నడక దూరాన్ని దాటి పదిహేను కిలోమీటర్లకు పెరగడం చిన్న సంగతి కాదు.

కానీ సదుద్దేశంతో చేసిన నిబంధనలలోనూ పాత ఆలోచన దాగి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి 2008 నుంచి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నది. భార్య ఉన్న ఉద్యోగికి అది వర్తించదు. ఆయనకు బిడ్డ పుట్టినప్పుడు 15 రోజులు మాత్రమే. బిడ్డ ఎవరి బాధ్యతో సెలవు నిబంధనే చెప్పేసింది.

బ్యాంకుల సంగతి నాకు ఇంకా దగ్గరగా తెలుసు. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2014 ఆగస్టులో ప్రభుత్వరంగ బ్యాంకులకు ఒక లేఖ రాసింది. వివాహిత అయిన ఉద్యోగిని కోరితే భర్త పనిచేసే ఊరిలో గానీ, దానికి దగ్గరలో గానీ, అవివాహితను తల్లిదండ్రులు ఉన్న ఊరిలో గానీ, దానికి దగ్గరలో గానీ వీలైనంతవరకు నియమించాలని అందులో సూచించింది. 2024 నవంబరులో మరోసారి మహిళలకు దగ్గరి ప్రాంతాలలో పోస్టింగులు ఇవ్వాలని చెప్పింది. ఈ లేఖల వల్ల ఎందరికో మేలు జరిగింది. అందులో సందేహం లేదు. అయితే 2014 నాటి లేఖ ప్రకారం ఒక స్త్రీ ఉండదగిన ఊళ్లు రెండే. భర్త ఉన్న ఊరు, తండ్రి ఉన్న ఊరు. తాను కోరుకున్న ఊరు అనే మూడోది ఆ లేఖ రాసినవారికి తోచలేదు.

క్లర్కు నుంచి ఆఫీసరుగా పదోన్నతి పొందితే బదిలీకి ఒప్పుకోవాలి. చాలామంది స్త్రీలు ఆ పరీక్షకు దరఖాస్తే పెట్టరు. మా శాఖలో త్వరలో రిటైరు కాబోతున్న ఒక మేడం ఉన్నారు. లెడ్జరు పుస్తకాల కాలం నుంచి పనిచేస్తున్నారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లు మేనేజర్లయ్యారు. పరీక్ష ఎందుకు రాయలేదని అడిగితే, "పిల్లలు చిన్నవాళ్లు, తర్వాత అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు, తర్వాత అలవాటు తప్పింది" అని నవ్వుతారు. ఆమెను ఎవరూ ఆపలేదు. వద్దని ఎవరూ అనలేదు. బ్యాంకు రికార్డులలో ఆమె స్వచ్ఛందంగా పదోన్నతి కోరని ఉద్యోగిని. వివాహానంతరం ఉద్యోగం మానేసేవారిని లెక్కగట్టే సర్వేలకు, ఉద్యోగంలో ఉంటూనే ఆగిపోయిన ఇలాంటి వారు దొరకరు.

ఈసారి పదోన్నతి పరీక్షలో నేను ఉత్తీర్ణురాలినయ్యాను. ఎక్కడికి పంపినా వెళ్తానని సమ్మతి పత్రం నెలాఖరులోగా ఇవ్వాలి. పోస్టింగు ఏ రాష్ట్రంలోనో ముందుగా చెప్పరు. ట్రాన్స్‌ఫర్ల గురించి అడిగిన సంబంధం వారు ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. మొన్న నాన్న ఫోను చేసి, "ఎక్కడో దూరం వేస్తే ఎలాగమ్మా?" అన్నారు. "అన్నయ్యను పుణె పంపినప్పుడు దూరం లెక్క చూశావా నాన్నా?" అని అడిగాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, అక్కడ ఆడపిల్లలకు హాస్టళ్లు ఉంటాయో లేదో కనుక్కోమన్నారు.